తెలుగు చెవి ఎట్లా తయారవుతుంది

(కడపలో కళాశాల విద్యార్థులు, ఉపాధ్యాయులు, పట్టణవాసులు కూడిన సభలో ఒక భాషాశాస్త్ర ఆచార్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలందరికీ నమస్కారం. వెనక నిలబడినోళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నన్ను పిలిచిన లెక్చరర్లు, "మేడమ్, మీ ఉద్యోగ జీవితం గురించి మాట్లాడండి, భాషాశాస్త్రం చదివితే ఏం పని చేస్తారో మా పిల్లలకు తెలుస్తుంది" అన్నారు. సరేనన్నాను. కానీ ఏ ఏడు ఏ హోదా వచ్చిందో చెప్పుకుంటూ పోతే మీకు ఒరిగేదేం లేదు. నా ఉద్యోగమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది. ఎదుటి మనిషి నోరు కదిపితే గాలి కదులుతుంది. ఆ గాలి కదలిక మన చెవిలో పడి, రెప్పపాటు కాలంలో మాటగా, అర్థంగా ఎట్లా మారుతుంది? దానికి తెలుగు చెవి ఇచ్చే జవాబు వేరే, జపాన్ చెవి ఇచ్చే జవాబు వేరే, ఇంగ్లీషు చెవిది ఇంకొకటి. ఆ తేడా ఎందుకొస్తుందో, దాన్ని పట్టించుకోకపోతే మన పిల్లలకు ఏం నష్టమో ఈ పొద్దు చెప్తాను.

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. డిగ్రీలో సైన్సు చదివి, ఎం.ఏ.కి భాషాశాస్త్రం తీసుకుంటానంటే మా నాయన ఒక మాటన్నాడు. "మాట్లాడేది అందరికీ వచ్చు గదమ్మా, దానికి శాస్త్రమేంది?" ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. అందరికీ వచ్చిన పని కాబట్టే అది ఎట్లా వచ్చిందో ఎవరూ అడగరు. నడక కూడా అందరికీ వచ్చు, కానీ కాలు విరిగిన రోజు ఎముకల డాక్టరు కావాలి. వినికిడి కూడా అంతే.

నేను చదువుకునే రోజుల్లో మా విభాగంలో సోనాగ్రాఫ్ అనే యంత్రం ఉండేది. రెండున్నర సెకన్ల లోపు మాటను అందులోకి ఎక్కించి, డ్రమ్ముకు ఒక ప్రత్యేకమైన కాగితం చుట్టి తిప్పితే, సూది ఆ కాగితాన్ని కాల్చుకుంటూ ఆ శబ్దానికి బొమ్మ గీసేది. అంత చిన్న మాటకు నిమిషాల తరబడి పట్టేది, గదంతా కాలిన వాసన. ఇప్పుడు ఆ పని మీ లాప్‌టాప్‌లో జరుగుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాల్ బూర్స్మా, డేవిడ్ వీనింక్ అనే ఇద్దరు తయారుచేసిన ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పిల్లలూ, ఈ రాత్రే దించుకోండి. మీ గొంతు మీరు చూసుకోవచ్చు.

అందులో మొట్టమొదట ఏం చూడాలో చెప్తాను. "పాట" అనే మాట, "పాత" అనే మాట. పాత పాట అంటాం గదా, ఆ రెండూ. ఒక్క హల్లు తేడా. మన చెవికి ట వేరు, త వేరు, ఇందులో అనుమానమే లేదు. ఇప్పుడు బొమ్మలో చూడండి. "పా" దగ్గర అడ్డంగా నల్లటి పట్టీలు కనబడతాయి, వాటిని ఫార్మెంట్లు అంటాం. నోట్లో గాలి ఏ ఏ స్థాయిల్లో బలంగా మోగుతోందో ఆ పట్టీలు చూపిస్తాయి. కింద నుంచి మూడో పట్టీ మీద చూపు పెట్టండి. "పాట"లో ఆ అచ్చు అయిపోయే ముందు ఆ మూడో పట్టీ కిందికి వంగుతుంది. నాలుక కొన అప్పుడే వెనక్కి మడుచుకోవడం మొదలుపెట్టింది గనక. తర్వాత కొంచెంసేపు ఖాళీ. నాలుక అంగిలిని మూసేసింది, శబ్దమే లేదు. ఆ తర్వాత చిన్న పేలుడు, మళ్ళీ అచ్చు. "పాత"లో ఆ పట్టీ అట్లా వంగదు.

అంటే ట అనే హల్లు ఉండాల్సిన చోట నిశ్శబ్దం ఉంది. దాని ఆనవాలు ముందున్న అచ్చు తోకలో ఉంది. ట ఇంకా పలకకముందే, "పా" పూర్తి కాకముందే, వచ్చేది ట అని చెవికి కబురు అందిపోయింది. ఈ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు దాని ముందు నుంచి కదల్లేదు. రాసేటప్పుడు మనం అక్షరం పక్కన అక్షరం పెడతాం, మాట్లాడేటప్పుడు అట్లా జరగదు. రాగి సంగటి గెలికిన తర్వాత బియ్యం ఇది, పిండి ఇది అని విడదీయలేం గదా, నోట్లో అచ్చులూ హల్లులూ అట్లా కలిసిపోయి వస్తాయి. విడదీసి చూసుకోవలసిన పని వినేవాడిది.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసిన తీరు కూడా చెప్పుకోదగ్గది. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికులకు పుస్తకం చదివి వినిపించే యంత్రం చేద్దామని అమెరికాలో హాస్కిన్స్ ప్రయోగశాల పని మొదలుపెట్టింది. ఒక్కో అక్షరానికి ఒక్కో శబ్దం ఇద్దామనుకున్నారు. వినేవాళ్ళు ఎంత సాధన చేసినా మామూలు మాట వేగానికి దగ్గరలోకి కూడా రాలేకపోయారు. శబ్దాలన్నీ ఒకదాంట్లో ఒకటి పడి గోలగా వినబడ్డాయి. మరి నోటి మాటలో సెకనుకు పది పన్నెండు ధ్వనులు వస్తున్నా మనకు ఇబ్బంది లేదెందుకు? ఆల్విన్ లిబర్‌మన్, ఫ్రాంక్లిన్ కూపర్ అనే శాస్త్రవేత్తలు ఆ ప్రశ్నను పట్టుకున్నారు. ఇందాక చెప్పిన పట్టీల బొమ్మను రంగుతో ప్లాస్టిక్ పట్టీ మీద గీస్తే దాన్ని శబ్దంగా మార్చే యంత్రాన్ని కూపర్ తయారుచేశాడు. ఏ గీత ఉంటే ఏ ధ్వని వినబడుతుందో అప్పుడు వెతకడం సాధ్యమైంది. 1952లో వాళ్ళు చూపించింది ఇప్పటికీ నా విద్యార్థులను ఆశ్చర్యపరుస్తుంది. 1440 హెర్ట్జ్ దగ్గర ఒక చిన్న పేలుడు శబ్దం. దాన్ని "ఇ" అనే అచ్చు ముందు పెడితే జనానికి "పి" అని వినబడింది. అదే శబ్దాన్ని, ఏమీ మార్చకుండా, "ఆ" అనే అచ్చు ముందు పెడితే "కా" అని వినబడింది. శబ్దం ఒకటే, హల్లు మారింది.

ఈ ప్రయోగశాలలో పనిచేసినవాళ్ళలో లీ లిస్కర్ మనకు బాగా దగ్గరివాడు. ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, తెలుగు నేర్చుకుని, మాట్లాడే తెలుగు నేర్పడానికి 1963లో పాఠ్యపుస్తకం కూడా వేశాడు. మరుసటి ఏడు, 1964లో, ఆర్థర్ అబ్రామ్సన్‌తో కలిసి పదకొండు భాషల్లో ప, బ లాంటి జంటలను కొలిచాడు. పెదవులు విడిపోవడానికీ గొంతులో తంత్రులు మోగడానికీ మధ్య ఎంత ఎడం ఉందో చూశారు. ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే ప దగ్గర ఆ ఎడం దాదాపు 60 మిల్లీసెకన్లు. మన ప అట్లా కాదు, పెదవులు విడిపోగానే గొంతు మోగుతుంది. మన బ దగ్గరైతే పెదవులు విడిపోకముందే మోత మొదలవుతుంది. దీనివల్ల ఏమవుతుందంటే, మనం శుభ్రంగా "పాలు" అన్నా ఇంగ్లీషు చెవికి అది బ వైపు వినబడే అవకాశం ఉంది. మన ఉచ్చారణలో లోపమేం లేదు, వాళ్ళ చెవిలోనూ లోపం లేదు. గీత గీసిన చోటు వేరు.

ఆ గీత సంగతే ఇంకొంచెం. కంప్యూటర్‌తో బ నుంచి ప దాకా కొంచెం కొంచెంగా మార్చుకుంటూ శబ్దాలు చేసి వినిపిస్తే, వినేవాళ్ళకు కొంచెం కొంచెంగా మారినట్టు వినబడదు. బ, బ, బ అంటూ పోయి ఒక్కసారిగా ప అయిపోతుంది. ఇంగ్లీషువాళ్ళకు ఆ మలుపు 25 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఉంటుంది. 1971లో పీటర్ ఐమస్, ఆయన సహచరులు నెల పిల్లల మీదా నాలుగు నెలల పిల్లల మీదా ఇదే చూశారు. పసిబిడ్డ నోట్లో పాలపీక పెట్టి, ఒకే ధ్వని వినిపిస్తూ పోతే కాసేపటికి చప్పరించడం తగ్గుతుంది. ధ్వని గీత దాటితే మళ్ళీ జోరుగా చప్పరిస్తుంది. గీతకు ఒకే వైపు అంతే మోతాదులో మారిస్తే పట్టించుకోదు. నెల పాపకు! ఇది మనిషికే ఉన్న వరమని చాలామంది అనుకున్నారు. 1975లో ప్యాట్రీషియా కూల్, జేమ్స్ మిల్లర్ చిన్‌చిల్లా అనే ఎలుక జాతి జంతువులకు తర్ఫీదు ఇచ్చి చూస్తే అవీ దాదాపు అదే చోట గీత గీశాయి. కాబట్టి పుట్టుకతో వచ్చే చెవి చాలా జంతువులకు ఉమ్మడి సొత్తు అని నేను నమ్ముతాను. దాన్ని తెలుగు చెవిగా మార్చేది తర్వాత జరిగే పని.

ఆ పని ఎప్పుడు జరుగుతుందో తేల్చిన ప్రయోగంలో మన ట, త లే సాక్షులు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో చేసిన పని అది. ఇంగ్లీషు ఇళ్ళల్లో పెరిగే పిల్లలను తల్లి ఒళ్ళో కూర్చోబెట్టారు. పక్కన స్పీకర్‌లో హిందీ త పదే పదే వినబడుతుంటుంది. అది ట గా మారినప్పుడు తల తిప్పితే, అక్కడొక బొమ్మ వెలిగి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చక్కగా తల తిప్పారు. వాళ్ళ తల్లిదండ్రుల చెవికి ఆ తేడా అందదు, బిడ్డలకు అందింది. పది నుంచి పన్నెండు నెలలకు వచ్చేసరికి ఆ పిల్లల్లో చాలామంది తిప్పడం మానేశారు. హిందీ ఇళ్ళల్లో పెరిగే పిల్లలు మాత్రం ఆ వయసులోనూ తిప్పారు. పుట్టినప్పుడు బిడ్డకు ప్రపంచంలోని భాషలన్నిటికీ సరిపడే చెవి ఉంటుంది. తన చుట్టూ అవసరంలేని తేడాలను ఏడాది తిరిగేలోగా పక్కన పెట్టేస్తుంది. నోటితో ఒక్క మాట అనకముందే ఆ బిడ్డ మన మనిషి అయిపోయింది.

ఒక్కో బిడ్డలో జరిగేదే ఒక్కో భాషలో వందల ఏళ్ళ మీద జరుగుతుంది. దానికి రుజువు మన జిల్లాలోనే ఉంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్ళ గుడి ఆవరణలో దొరికిన రేనాటి చోళుల శాసనం, సామాన్యశకం 575 నాటిదని పండితులు లెక్కకట్టారు, తెలుగులో మనకు తెలిసిన మొదటి శాసనం. అందులో శకటరేఫ ఱ ఉంది. ఇప్పుడు మన నోటికీ చెవికీ తెలియని ఇంకో అక్షరం ఴ కూడా ఉంది. ఆ రాయి చెక్కించిన రోజుల్లో ర, ఱ రెండూ వేరు వేరుగా వినబడేవి. తర్వాత ఎన్నో తరాల పాటు కవులు ప్రాసలో ఈ రెంటినీ కలపలేదు. ఇప్పుడు ఇక్కడ కూర్చున్న మనలో ఎవరి చెవికీ ఆ తేడా లేదు. ఴ అయితే చాలా మాటల్లో డ గా మారిపోయింది. ఇటువంటి రాయి మన గడ్డ మీద ఉంది కాబట్టి, ధ్వనుల చరిత్ర చదవాలనుకునే కడప విద్యార్థి చేతిలో మంచి పెట్టుబడి ఉన్నట్టే. ఒకసారి పోయి చూసి రండి.

ఇక నా మనసుకు చాలా దగ్గరైన విషయం. మాటలో మాటకూ మాటకూ మధ్య ఖాళీలు ఉండవు. కాగితం మీద ఖాళీ ఉంటుంది, నోట్లో లేదు. పైగా మన తెలుగులో సంధి. "వాడెక్కడున్నాడు" అంటే అది ఎన్ని మాటలో శబ్దంలో ఎక్కడా గీత లేదు. మరి చెవి ఎక్కడ తెంచుతుంది? ఈ ప్రశ్నకు జీవితం పెట్టిన మనిషి యాన్ కట్లర్. ఆస్ట్రేలియాలో పుట్టి, నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థలో ఇరవై ఏళ్ళు ఒక విభాగాన్ని నడిపింది. 2022లో పోయింది. ఆమె చెప్పింది ఏమిటంటే, ప్రతి భాషకూ ఒక నడక ఉంటుంది, ఆ భాష వినేవాళ్ళు ఆ నడకను బట్టే మాటను తెంచుకుంటారు. ఇంగ్లీషువాళ్ళు ఊనిక పడ్డ చోట, అంటే నొక్కి పలికిన చోట, తెంచుతారు. ఫ్రెంచివాళ్ళు అక్షరాన్ని, అంటే పలుకును, ఆధారం చేసుకుంటారు. జపాన్‌వాళ్ళు దానికంటే చిన్న కొలత వాడతారు. ఆ కొలత పేరు మోరా. మనకు అది కొత్తది కాదు, మనం దాన్ని మాత్ర అంటాం. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. ఛందస్సు చదివిన పిల్లలు గురువు, లఘువు అని గుర్తులు పెడతారే, అదే లెక్క. "కల" అంటే రెండు మాత్రలు. "కల్ల" అంటే మూడు. "కాలం" అంటే నాలుగు.

2007లో లలితా మూర్తి, తకాషి ఒతాకె, యాన్ కట్లర్ కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. తెలుగువాళ్ళకు జపనీస్ మాటలు వినిపించారు. జపనీస్ ఒక్క ముక్క రానివాళ్ళు. తెర మీద ఒక ధ్వనుల ముక్క చూపించి, అది వినబడగానే బొత్తాం నొక్కమన్నారు. ఆ ముక్క మాత్ర హద్దుతో సరిపోతే సులువుగా నొక్కారు. హద్దుకు అడ్డంపడితే కష్టమైంది. జపాన్‌వాళ్ళు తమ సొంత భాష విన్నప్పుడు ఏ తీరు కనబడిందో తెలుగువాళ్ళలో అదే తీరు కనబడింది. జపాన్‌వాళ్ళకు తెలుగు వినిపించినప్పుడు కూడా, వాళ్ళ భాషలో ఉండే మూత హల్లులు, అంటే పలుకు చివర వచ్చి దాన్ని మూసే హల్లులు, మాత్రమే ఉన్న మాటల్లో అదే తీరు. తెలుగువాళ్ళు తెలుగే విన్నప్పుడు ఫలితం అంత సూటిగా లేదు, మిశ్రమంగా వచ్చింది. ఆ మాట కూడా వాళ్ళు దాచకుండా రాశారు. అదే నాకు పనికొచ్చిన సంగతి. మన సొంత మాట వినేటప్పుడు పదాల పరిచయం, సంధి, అర్థం ఇవన్నీ కలిసి పనిచేస్తాయి గనక మాత్ర లెక్క ఒక్కటే బయటికి కనబడకపోవచ్చునని నా ఊహ. దాన్ని తేల్చవలసింది తెలుగు గడ్డ మీద చదువుకున్న పిల్లలే. చుట్టరికం లేని రెండు భాషలు, వేల మైళ్ళ దూరం, అయినా వినే పద్ధతిలో పోలిక. ఈ కాగితం చదివిన రోజు నాకు మా అవ్వ పిల్లల్ని ఊపుతూ పాడే పాటల తూగు గుర్తొచ్చింది. పసివాడికి ఆ తూగే మొదటి పాఠం.

అర్థం సాయం అన్నాను గదా, దాని గురించి క్లుప్తంగా చెప్తాను. 1970లో రిచర్డ్ వారెన్ ఒక వాక్యంలో ఒక ధ్వనిని పూర్తిగా తీసేసి దాని స్థానంలో దగ్గు పెట్టాడు. విన్నవాళ్ళకు పోయిన ధ్వని కూడా వినబడింది, దగ్గు ఎక్కడొచ్చిందో సరిగ్గా చెప్పలేకపోయారు. మన బస్టాండులో మైకు గరగరలాడుతున్నా, హారన్లు మోగుతున్నా "జమ్మలమడుగు" అని పోల్చుకుంటున్నామంటే మెదడు చేసే ఈ పూరణే కారణం. ఇంకొకటి, మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. "రెడ్డెమ్మ పిల్లోడికి పాలు" అని ఆగితే, మీలో చాలామంది మనసులో "తాపింది" అనేశారు. "-కి" అన్న ప్రత్యయం దారి చూపించింది. జపనీస్‌లోనూ క్రియ చివరే వస్తుంది. క్రియ రాకముందే వినేవాళ్ళ చూపు సరైన వస్తువు మీదికి పోతుందని 2003లో యూకి కమిదే, జెరీ ఆల్ట్‌మన్, సారా హేవుడ్ కంటి కదలికలు కొలిచి చూపించారు. తెలుగులో ఈ పని విస్తారంగా జరగాలి. మనకున్నన్ని విభక్తి ప్రత్యయాలూ, క్రియ చివర లింగ వచనాలూ ఎన్నో ప్రశ్నలకు జవాబు ఇవ్వగలవు.

కడపలో మాట్లాడుతూ ఉర్దూ సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఈ ఊళ్ళో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలు వేలల్లో ఉన్నారు. పాత అనంతపురం జిల్లాకు పోతే మడకశిర వైపు, రాయదుర్గం వైపు కన్నడం, తెలుగు కలిసి పెరుగుతాయి. మన పల్లె తెలుగులో ఒత్తక్షరాలు, అంటే ఖ, ధ, భ లాంటివి, చాలావరకు నోట రావు. కథను కత అంటాం, భాషను బాస అంటాం. ఉర్దూలో ఆ ఒత్తు మీదే అర్థం ఆధారపడుతుంది. తినేది ఖానా, ఒంటికన్ను కానా. ఈ రెండు భాషల మధ్య పెరిగే పిల్లవాడి చెవి రెండు లెక్కలూ ఉంచుకుంటుంది. "ఇంట్లో రెండు భాషలైతే పిల్లకు మాట ఆలస్యమవుతుంది, ఒకటి మానెయ్యండి" అని తల్లులకు చెప్పేవాళ్ళున్నారు. దయచేసి ఆ మాట చెప్పకండి. అవ్వ ఉర్దూలో లాలిస్తే లాలించనీయండి. బిడ్డ చెవికి కావలసింది మనుషుల మాట, ఎంత ఎక్కువైతే అంత మంచిది.

ఇప్పుడు నష్టం సంగతి. వినికిడి తక్కువైన మనిషికి మాటల పరీక్ష పెడతారు. హెడ్‌ఫోన్‌లో పదాలు వినిపించి తిరిగి చెప్పమంటారు. ఆ పదాల పట్టిక ఏ చెవి కోసం తయారైందన్నదే ప్రశ్న. తెలుగు మనిషికి హ్రస్వదీర్ఘాలు, ద్విత్వాలు, ట త ల తేడా, ల ళ ల తేడా ప్రాణం. "మెడ" "మేడ", "కల్లు" "కళ్ళు", "కత్తి" "కట్టి" విడదీసి వినగలుగుతున్నాడో లేదో చూడని పరీక్ష అతని వినికిడి గురించి ఏం చెప్తుంది? మన యాసలో "పోతాండా", "వచ్చాండా" అనే ముసలాయనకు పుస్తకాల తెలుగులో పదాలు పెడితే, ఆయన తప్పు చెప్పింది చెవి వల్లనా, పదం తెలియకనా అన్నది ఎవరు తేలుస్తారు? ఫోన్లలో మాట విని రాసే యంత్రాలకూ ఇదే తర్ఫీదు కావాలి. వాటికి ఎవరి గొంతులు వినిపిస్తే వాళ్ళ మాటే అర్థమవుతుంది. రాయలసీమ గొంతులు, ఆడవాళ్ళవి, ముసలివాళ్ళవి, పల్లెలవి రికార్డు చేసి, జాగ్రత్తగా రాసి పెట్టే పని మీలాంటి విద్యార్థులు చెయ్యగలరు. భాషాశాస్త్రం చదివితే ఏం పని అని అడిగారు గదా, ఆస్పత్రిలో పదాల పట్టికలు తయారుచేసే పని ఉంది, బడిలో చదవలేకపోతున్న పిల్లవాడికి అడ్డం పడుతున్నది కన్నా చెవా అని తేల్చే పని ఉంది, యంత్రాలకు మన మాట నేర్పే పని ఉంది. మనుషులు చాలరు.

ప్రసంగం ఇక్కడ ఆపుతాను. అడగాలనుకున్నవాళ్ళు అడగండి.

(ఒక ఉపాధ్యాయుడు: మేడమ్, మా ఐదో తరగతి పిల్లలు డిక్టేషన్‌లో ఒత్తులు తప్పు రాస్తారు, దీర్ఘాలూ తప్పు రాస్తారు. రెండూ ఒకటేనా?)

ఒకటి కాదు సార్. ఒత్తక్షరం, అంటే ఖ, ధ, భ లాంటివి, ఆ పిల్లవాడి ఇంటి మాటలో లేనే లేదు. అతని చెవి దాన్ని వేరు చెయ్యడం మానేసి చాలా ఏళ్ళయింది. దాన్ని చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే, చెవి సాయం చెయ్యదు. కాబట్టి దానికి మార్కులు తగ్గించి మొద్దు అనకండి. దీర్ఘం, ద్విత్వం అట్లా కాదు, అవి అతని నోట్లో పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. "పలు", "పాలు" నోటితో సరిగ్గా చెప్పి, రాసేటప్పుడు తప్పితే అది రాత అలవాటు, చప్పట్లు కొడుతూ మాత్రలు లెక్కపెట్టించండి, కుదురుతుంది. విన్నప్పుడు కూడా తేడా చెప్పలేకపోతే మాత్రం ఆ బిడ్డ చెవి పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పండి. చెవిలో చీము కారే పిల్లలు మన బళ్ళల్లో తక్కువేం లేరు.

(వెనక వరస నుంచి ఒక పెద్దావిడ: మా మనవరాలికి ఎనిమిది నెలలమ్మా. పళ్ళెం కిందపడినా తిరిగి చూడదు. కొంతమంది పిల్లలు నిదానంగా వస్తారులే అంటాండారు మా వాళ్ళు.)

నిదానంగా వస్తారులే అని కూర్చోవద్దమ్మా. పాపకు వినికిడి బాగుండొచ్చు కూడా, కానీ ఊహ మీద వదలకూడదు. పుట్టిన నెలలోగా మొదటి పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు వైద్యం మొదలు, ఇది చాలా దేశాల్లో పెట్టుకున్న గడువు. చెవి తెలుగు చెవిగా మారేది మొదటి ఏడాదిలోనే అని ఇందాక చెప్పాను గదా, గడువు అంత తొందరగా పెట్టింది అందుకే. మీరు ఆలస్యమయ్యారని బాధపడవద్దు, ఇంకో రోజు ఆలస్యం కాకుండా చూసుకుందాం. ఇక్కడి రిమ్స్ ప్రభుత్వ ఆస్పత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి తీసుకుపోండి. మొదట ఓ.ఏ.ఈ. అని ఒక పరీక్ష చేస్తారు, చెవిలో చిన్న గొట్టం పెడతారు, కొద్ది నిమిషాల పని. తర్వాత బెరా అని ఇంకొకటి, తలకు చిన్న బిళ్ళలు అంటించి శబ్దానికి నరం, మెదడు మూలం ఎట్లా స్పందిస్తున్నాయో చూస్తారు. రెండింటికీ నొప్పి లేదు, సూది లేదు. పాప నిద్రపోతే పరీక్ష బాగా వస్తుంది కాబట్టి పాలు తాపే వేళ చూసుకుని పోండి. మీ ఇంట్లో మేనరికం ఉంటే, పుట్టుకతో వినబడనివాళ్ళు ఇంకెవరైనా ఉంటే, ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి. అది ఎవరి తప్పూ కాదు, రెండు వైపులా దాగున్న జన్యువు కలిసే అవకాశం ఎక్కువ, అంతే. లోపం ఉందని తేలితే ఈ వయసులోనే వినికిడి మిషన్ పెట్టొచ్చు. దానితో సరిపోకపోతే లోపలి చెవిలో చిన్న పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది, ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ, కింద అర్హత ఉందేమో అక్కడే అడగండి. ఆపరేషన్ అయినాక మాట నేర్పే తరగతులకు నెలల తరబడి తిరగాల్సి వస్తుంది, ఇంట్లో అందరూ పాపకు ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సి వస్తుంది. సభ అయినాక నా దగ్గరికి రండమ్మా, ఏ పరీక్షలు అడగాలో తెలుగులో కాగితం మీద రాసిస్తాను.